డీ డ్రైవ్ పేరు కమలవ్వ

చేతగాని మనిషి గొప్పలు చెప్పుకుంటుంటే బాలలక్ష్మి ఎదురు మాట్లాడేది కాదు. కిందిపెదవి ఎడమ పక్కకు కొంచెం వంకరపోయేది, అంతే. ఆ వంకరకు అర్థం తెలిసినవాళ్లు ఆమె ముందు నోరు అదుపులో పెట్టుకునేవాళ్లు. జలపతిరావుకు తెలియదు. అందుకే మూడు నెలలపాటు ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని, కంప్యూటర్ గురించి ఆమెకే పాఠాలు చెప్పాడు.

ఆ పెదవి ఆమెకు తల్లి ఇచ్చిన ఆస్తి. సిరిసిల్లలో కమలవ్వ బీడీలు చుట్టేది. భర్త బాలమల్లు వేరొకరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రోజుకు పన్నెండు గంటలు నిలబడి గుడ్డ నేసేవాడు. కమలవ్వ ఒళ్లో చాట, చాటలో తునికాకు, నోట్లో ఎవరో ఒకరి పని మీద తీర్పు. పక్కింటామె చుట్టిన బీడీని రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "గిది బీడీనా, పిల్లనగ్రోవా? ఇటు ఊదితె అటు గాలొస్తది" అనేది. ఆమె కట్టల్లోంచి మాత్రం కార్ఖానావాళ్లు ఒక్క బీడీని ఏరి పారేసింది లేదు. పని వచ్చినవాళ్లు, పని రానివాళ్లు. లోకంలో కమలవ్వకు తెలిసిన కులాలు ఆ రెండే. కూతురికీ అవే నేర్పింది.

బాలలక్ష్మి పదో తరగతి పాసై టైపు నేర్చుకుంది. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ లోయరు, హయ్యరు పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో దాటింది. టైపు నేర్పిన మాస్టారు ఆమె కాగితం చూసి, "నువ్వు చదువుతలేవు బిడ్డా, బియ్యంల రాళ్లు ఏరినట్టు అక్షరాలు ఏరుతున్నవ్" అన్నాడు. అయినా సర్కారు నౌకరీ రాలేదు. ఆర్టీసీ కండక్టరు హనుమండ్లుతో పెళ్లయి కరీంనగర్ వచ్చాక, 1989లో టవర్ సర్కిల్ వెనక దామోదర్‌రావు ప్రెస్సులో ప్రూఫులు చూసే పనికి కుదిరింది.

దామోదర్‌రావుది హుస్నాబాద్ దిక్కు పెద్ద భూముల కుటుంబం. ఊళ్లో ఉండే రోజులు కావనుకుని పట్నం చేరి ప్రెస్సు పెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే పని ఎవరికి వచ్చు, ఎవరికి రాదు అనే ఆలోచన ఆయన బుర్రలోకి ఎన్నడూ చొరబడలేదు. మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు అన్నదొక్కటే చూసేవాడు.

1993లో ప్రెస్సుకు మొదటి కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు వచ్చిన లావుపాటి ఇంగ్లిషు పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బాలలక్ష్మి పక్కన డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు రోజుకు నాలుగు పేజీలు చదివింది. ఏడాది తిరిగేసరికి పుస్తకం అయిపోయింది. మూడేళ్ల తర్వాత ఇంకో కొత్త మిషన్ వచ్చింది, రెండు జీబీల హార్డ్ డిస్కుతో. దాన్ని తెచ్చి బిగించిన మెకానిక్ డిస్కును రెండు భాగాలు చేశాడు. సీ అనే చిన్న భాగంలో విండోస్ 95, డీ అనే పెద్ద భాగంలో ప్రెస్సు పని.

"ఒక్క చెలకకు నడుమ ఒడ్డు పెట్టినట్టు అనుకో అక్కా," అన్నాడు ఆ మెకానిక్. "సీ ఆగమైతె మళ్ల ఎక్కించుకోవచ్చు. డీ జోలికి మాత్రం ఎవ్వర్ని పోనియ్యకు. నీ సరుకంత దాంట్లనే ఉంటది."

డీకి ఒక పేరు పెట్టమని మిషన్ అడిగింది. పదకొండు అక్షరాలు దాటకూడదు. రెండేళ్ల కిందటే చనిపోయిన తల్లి పేరును ఆమె ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టింది. మెకానిక్ నవ్వితే, "మా అవ్వ చేతికిచ్చిన వస్తువు ఎన్నడు పోలే" అంది.

తర్వాత డీ నిండుతూ వచ్చింది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కాలేజీల మ్యాగజైన్లు. అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకున్నది అంబదాస్ సార్ పుస్తకం.

అంబదాస్ ఉట్నూర్ దిక్కు ఆశ్రమ పాఠశాలల్లో ముప్పయ్యొక్కేళ్లు పంతులుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, గూడెంలో గోండీ. విన్న గోండీ మాటను విన్నట్టు చీటీ మీద రాసి, పక్కన తెలుగు అర్థం రాసి, పిండి డబ్బాల్లో దాచుకున్నాడు. ఆరు వేలకు పైగా మాటలు పోగయ్యాయి. 1997లో మొదటి డబ్బా సంచిలో పెట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. అప్పటినుంచి నెలకొకసారి, జన్నారం, లక్సెట్టిపేట మీదుగా ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చేవాడు. కొత్త చీటీలు ఇచ్చి, పాత ప్రూఫులు దిద్ది పోయేవాడు. దిద్దుబాట్లు మిషన్‌లో ఎక్కగానే చీటీలు ఆయనకు తిరిగి వచ్చేవి, ప్రూఫులు ప్రెస్సు చెత్తలో కలిసేవి.

"బాయీ, గీ మాటకు దీర్ఘం వద్దు. గూడెంల ముసలోళ్లు పొట్టిగనే అంటరు" అని ఒక్క దీర్ఘం కోసం అరగంట కూర్చునేవాడు. ఆయన ముందు బాలలక్ష్మి పెదవి ఎన్నడూ వంకరపోలేదు. తల్లి తర్వాత ఆమె పూర్తిగా ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే.

ఇక జలపతిరావు సంగతి.

అతను దామోదర్‌రావు చెల్లెలి కొడుకు. హైదరాబాద్‌లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సులో చేరాడు. అందులో ఎన్ని నెలలు క్లాసుకు పోయాడో అతనికీ ఆ దేవుడికీ తెలియాలి. 1998 సెప్టెంబరులో మేనమామ ప్రెస్సులో సిస్టమ్స్ మేనేజర్‌గా దిగాడు. ఆ పేరుతో తలుపు మీద రేకు కొట్టించాడు. మొదటిరోజు కంప్యూటర్ గది బయట చెప్పులు విడవాలని బోర్డు రాయించాడు. రెండోరోజు మానిటర్‌కు పసుపు కుంకుమలు పెట్టించాడు. మూడోరోజు నుంచి ఇక చేసే పని కనబడక ఫోన్ పట్టుకున్నాడు. "మా దగ్గర పెంటియం ఉన్నదండీ" అని గ్రానైట్ వ్యాపారులకు ఒకరి తర్వాత ఒకరికి చెప్పేవాడు. పెంటియం అంటే ఏమిటని అవతలివాళ్లు అడగకపోవడం అతని అదృష్టం.

ఒకరోజు ఫ్లాపీలను ఎండలో పెడితే వైరస్ చస్తుందని బాలలక్ష్మికి చెప్పాడు. ఇంటికి పోయి ఆ మాట భర్తకు చెప్పింది. హనుమండ్లు అన్నం కలుపుకుంటూ, "అయితె మిరపకాయలతోని కలిపి ఆరబెట్టు" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది గానీ భయం కూడా వేసింది. మర్నాటి నుంచే అంబదాస్ సార్ పుస్తకాన్ని ఫ్లాపీల మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. పన్నెండు ఫ్లాపీలయ్యాయి. ఒక్కోదాని మీద అక్షరాల వరస రాసి, హనుమండ్లు వాడి వదిలేసిన టికెట్ల పెట్టెలో సర్ది, ముకరంపురలోని తమ ఇంట్లో బీరువా మీద పెట్టింది. ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరులో జలపతిరావు విండోస్ 98 సీడీ తెచ్చాడు. ఎక్కించబోతే సీలో చోటు చాలలేదు. దామోదర్‌రావును గదిలోకి పిలిచి మరీ ప్రకటించాడు.

"సీ చిన్నగున్నది మామా. పార్టిషన్ మార్చాలె. పది నిమిషాల పని."

పార్టిషన్ అన్న మాటకు దామోదర్‌రావు ఉలిక్కిపడ్డాడు. వాళ్ల అన్నదమ్ముల పంపకాల కేసు పదకొండేళ్లుగా కోర్టులో నడుస్తోంది. "ఏం పార్టిషన్ రా?" అన్నాడు.

"భూమిది కాదు మామా, డిస్క్‌ది."

బాలలక్ష్మి లేచి నిలబడింది. "సార్, డీల ఉన్నదంత ముందుగాల పాత మిషన్లకు ఎక్కిద్దాం. ఒక్క దినం పడ్తది. అటెనుక మీరు ఏమన్న చేసుకోండ్రి."

"డీని ఎవరు ముడుతున్నరు?" అన్నాడు జలపతిరావు. "సీ ఒక్కదాన్నే పెద్దగ చేస్త."

"సీ పెద్దగ కావాల్నంటె జాగ యాడికెంచి వస్తది సార్? పక్కన ఉన్నది డీనే గద."

ఆ ప్రశ్న అతనికి అప్పటిదాకా తట్టలేదని మొహమే చెప్పింది. కానీ మేనమామ చూస్తున్నాడు. "గవన్ని చెప్తె నీకు సమజ్ కావు. నీది టైపింగ్. సిస్టం నాకు ఇడిసిపెట్టు" అన్నాడు.

"చెయ్యనియ్యమ్మా, సదువుకొచ్చినోడు" అని దామోదర్‌రావు తన గదిలోకి వెళ్లిపోయాడు.

జలపతిరావు ఫ్లాపీ పెట్టి ఎఫ్‌డిస్క్ తెరిచాడు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు. కొత్త భాగం చేయడానికి ఒకటి, ఏ భాగంతో మిషన్ లేవాలో చెప్పడానికి రెండు, ఉన్న భాగం తీసేయడానికి మూడు, ఉన్నవి చూసుకోవడానికి నాలుగు. చూసుకోవడం అతని వంశంలో లేదు. నేరుగా మూడు నొక్కి, సీని తీసేయమన్నాడు.

మిషన్ ఒప్పుకోలేదు. రెండో భాగం ఉండగా మొదటిదాన్ని తీయడం కుదరదంది. బాలలక్ష్మి ఆ వాక్యాన్ని చదివి చెప్పింది. "డీ ఉండంగ సీని తియ్యరాదంటున్నది సార్."

"అవన్ని ఊకె వచ్చే మెసేజ్‌లు."

రెండో భాగాన్ని తీసేయమన్నాడు. అందులో డ్రైవ్ ఉండగా దాన్నీ తీయనని మిషన్ మళ్లీ మొరాయించింది. పెద్దమనిషి తరహాలో రెండుసార్లు ఆపిన యంత్రం అది. జలపతిరావు మూడోసారి డీనే పట్టుకున్నాడు. అందులోని సమాచారం అంతా పోతుందని తెర మీద మెరుస్తూ మరీ కనబడింది. అది కూడా ఆమె చదివి వినిపించింది.

"బెదిరిస్తది. భయపడితె కంప్యూటర్ పని చెయ్యలేం" అన్నాడు.

అప్పుడు మిషన్ ఇంకో అడ్డం పెట్టింది. తీసేయాలంటే డీ పేరు రాసి చూపించమంది. ఆ పేరు అదే తెర మీద, పైన, డీ అన్న అక్షరం పక్కనే ఉంది. కళ్లున్న మనిషికి కనబడుతుంది. జలపతిరావు ప్రెస్ అని కొట్టాడు. కాదంది. కరీంనగర్ అని కొట్టాడు. కాదంది. తన పేరు కూడా కొట్టి చూశాడు. చివరకు కుర్చీ తిప్పి, "డీకి ఏం పేరు పెట్టినవ్?" అని అడిగాడు.

తెలియదు సార్ అంటే సరిపోయేది. ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలుసు. పోయి దామోదర్‌రావును పిలిచినా సరిపోయేది. కానీ మూడు నెలలుగా గొంతులో పేరుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. పుస్తకం ఇంట్లో బీరువా మీద భద్రంగా ఉంది. మిగిలినవి పెళ్లిపత్రికలు. ఆ పెళ్లిళ్లు అయిపోయాయి కూడా. వీడు పడాలి. పడితే తాను ఎదుటే నిలబడి చూడాలి.

"కమలవ్వ" అంది. అంతటితో ఆగకుండా ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పింది. అతను ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టాడు. రూఢియేనా అని అడిగితే రూఢియే అన్నాడు. డీ పోయింది.

ఆ తర్వాత అతనికి అడ్డమే లేకపోయింది. మిగిలిన భాగాలూ తీసేసి, కొత్తగా రెండు చేసి, ఫార్మాట్ కొట్టి, సీడీ పెట్టాడు. ముప్పావుగంట ఫైళ్లు ఎక్కాయి. మిషన్ ఆగి మళ్లీ లేవబోయింది. లేవలేదు. తెర నల్లగా నిలబడిపోయింది. ఏ భాగంతో లేవాలో అతను చెప్పనేలేదు. రెండో నంబరు నొక్కితే అయిపోయే పని. అది చేయకపోతే డిస్కు లేవదని ఎఫ్‌డిస్క్ కింది వరసలో హెచ్చరించింది కూడా. బాలలక్ష్మి అదీ చదివింది. ఈసారి పైకి చదవలేదు.

"పెండ్లిపత్రికల నమూనాలు ఏవి రా?" అని దామోదర్‌రావు సాయంత్రం అడిగాడు.

"వైరస్ మామా" అన్నాడు జలపతిరావు, రెప్ప కొట్టకుండా. "ఉట్నూర్ పంతులు ఫ్లాపీలల్ల ఉండుంటది. డిస్క్ మొత్తం తిన్నది. నేనైతె ఇంకా కాపాడుదామనే చూస్తున్న."

అంబదాస్ సార్ తన జన్మలో ఫ్లాపీని చేత్తో పట్టుకోలేదు. ఆయన తెచ్చింది కాగితం చీటీలు. కాగితం మీది నుంచి కంప్యూటర్‌కు పాకే వైరస్‌ను కనిపెట్టిన శాస్త్రవేత్తను బాలలక్ష్మి తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ పెళ్లిపత్రికలు మడవడంలో పడింది.

రెండోరోజు అతను అదే సీడీ మళ్లీ ఎక్కించాడు. మళ్లీ లేవలేదు. హైదరాబాద్‌కు ఎస్‌టీడీ చేశాడు. స్నేహితుడు ఏం చెప్పాడో గానీ సీపీయూ డబ్బా విప్పి లోపల గుడ్డతో తుడిచాడు. ఒక స్క్రూ మిగిలిపోయింది. దాన్ని జేబులో వేసుకున్నాడు. మూడోసారి ఎక్కించాడు. బాలలక్ష్మికి ఆ రెండు రోజులూ అన్నం రుచిగా ఉంది.

ఇంట్లో హనుమండ్లు అడిగాడు. "ఫ్లాపీలు ఎప్పుడిస్తవ్?"

"వాన్ని జర మాడనియ్యి."

"పంతులు బేస్తవారం వస్తనన్నడు గద?"

"రానియ్యి. ఆయన ముందట్నే తేలాలె, ఎవరికి పని వస్తదో, ఎవరికి రాదో."

హనుమండ్లు టికెట్ల సంచి భుజాన వేసుకున్నాడు. బస్సులో చిల్లర కోసం గొడవపడే జనాన్ని చూసినట్టు భార్యను ఒకసారి చూసి, డ్యూటీకి వెళ్లిపోయాడు.

బేస్తవారం పగలు పన్నెండింటికి అంబదాస్ వచ్చాడు. పుస్తకంలో చివరి అక్షరాల ప్రూఫులు చంకలో ఉన్నాయి. ఇంకో నెలలో పుస్తకం వస్తుందన్న సంబరంతో కొత్త ధోవతి కట్టుకున్నాడు. బోర్డు చూసి బయటే చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

జలపతిరావు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "పంతులూ, మీ దాంట్లకెళ్లి వైరస్ ఎక్కింది. మీ పుస్తకం పోయింది. మా మిషన్ గూడ ఖరాబైంది."

"పోయింది అంటె?" అంబదాస్ బాలలక్ష్మి వైపు తిరిగాడు. "సమజ్ కాలే బాయీ."

బాలలక్ష్మి ఈ ఘడియ కోసమే మూడు రోజులు కాచుకుంది. కానీ అసలు మాట చెప్పేముందు ఇంకొంచెం సేపు జలపతిరావును ఆ గోతిలోనే నిలబెట్టాలనిపించింది. "చీటీలు ఉన్నయి గద సార్, మళ్ల కొట్టుకోవచ్చు" అంది.

అంబదాస్ కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడవసాగాడు. చాలాసేపు తుడిచాడు.

"చీటీలు లేవు. మిషన్ల ఎక్కినయి ఎక్కినట్టు మా ఇంటామె రాధాబాయి వాటితోని పొయ్యి ముట్టించింది. ఆమెది తప్పు కాదు, నేనే ఇచ్చిన. ఇల్లు ఇరుకు. మిషన్ల ఉన్నంక ఇంక పారేసినా ఏంది అనుకున్న."

దామోదర్‌రావు కూడా తన గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు అంబదాస్ జలపతిరావు ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సాబ్. నా కాగితాలల్ల గసుంటి పురుగు ఉంటదని నాకు ఎర్క లేదు. పిండి డబ్బాలల్ల పెట్టిన, అందుకనే అయ్యుంటది. మీ మిషన్ ఖరాబ్ చేసిన."

జలపతిరావు, "పోనీ, ఇగ నుంచి జాగ్రత్త" అన్నాడు.

బాలలక్ష్మి ఆ జోడించిన చేతులనే చూసింది. ఆరు వేల మాటలు ఏరి తెచ్చిన మనిషి, తెర మీది ఒక్క మాట చదవనివాడికి దండం పెడుతున్నాడు. ఆ దండం పెట్టించింది జలపతిరావు ఒక్కడే కాదు. పేరు చెప్పిందెవరు? మూడు రోజులు పెదవి బిగించిందెవరు? పని రానివాడి కన్నా, వచ్చి కూడా చేయనిది నీచం. కమలవ్వ ఆ మూడో కులం గురించి ఎన్నడూ చెప్పలేదు.

"ఆయనకు దండం పెట్టకుండ్రి సార్" అని మాత్రం అని, చెప్పులేసుకుని బయటికి ఉరికింది. ఆటో పట్టుకుని ముకరంపుర పోయి టికెట్ల పెట్టె తెచ్చింది.

పాత మిషన్‌లో ఒక్కొక్క ఫ్లాపీ పెట్టింది. అచ్చులు వచ్చాయి. క వచ్చింది, చ వచ్చింది, త వచ్చింది. ఒక్కొక్క పేజీ తెర మీద తెరుచుకుంటుంటే అంబదాస్ పక్కన నిలబడి, చిన్నపిల్లలు రైలు డబ్బాలు లెక్కపెట్టినట్టు అక్షరాలు లెక్కపెట్టాడు. తొమ్మిదో ఫ్లాపీ పెట్టగానే మిషన్ కర్రుకర్రుమంది. చదవలేనంది. తీసి, ఊది, మళ్లీ పెట్టింది. కాసేపాగి ఇంకోసారి పెట్టింది. పదిసార్లయినా అదే చప్పుడు. మిగిలిన మూడూ బాగానే ఉన్నాయి.

తొమ్మిదోది ప అక్షరం. అయిదువందల నలభై మాటలు. పిట్ట, పువ్వు, వాన, అన్నీ గోండీలో పతోనే.

దామోదర్‌రావు మెల్లగా అడిగాడు. "ఎన్ని రోజుల సంది ఉన్నయి ఇవి నీ దగ్గర?"

"మొదటి సంది సార్."

"మరి మూడొద్దులు సప్పుడు ఎందుకు చెయ్యలే?"

జలపతిరావుకు ప్రాణం లేచివచ్చింది. "చూసినవా మామా, కావాల్ననే దాచింది! నన్ను బద్నాం చేసుడే ఆమెకు పని!" అన్నాడు. మూడు నెలల్లో అతను పలికిన ఒకే ఒక నిజం అది. అది అతని నోట వినాల్సి రావడమే ఆమెకు పెద్ద శిక్ష.

"నిజమే సార్" అంది బాలలక్ష్మి. "డీ పేరు ఏందని అడిగితె చెప్పింది గూడ నేనే. తెలిసే చెప్పిన."

తర్వాత చచ్చిపడి ఉన్న మిషన్ ముందు కూర్చుంది. ఎఫ్‌డిస్క్ తెరిచి ముందు నాలుగు నొక్కి, ఉన్నదేమిటో చూసుకుంది. రెండు నొక్కి, సీతో లేవమని చెప్పింది. మిషన్ ఆపి మళ్లీ వేస్తే విండోస్ 98 బొమ్మ ఆకాశం రంగులో తేలి వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"నేను గదే చేద్దామనుకున్న" అన్నాడు జలపతిరావు.

ఆమె అతని వైపు చూడలేదు. డీని మళ్లీ ఫార్మాట్ చేసింది. పేరు అడిగితే ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టింది. తల్లి పేరు పెట్టడానికి చేయి రాలేదు.

అంబదాస్ ఆమెను ఒక్క మాటా అనలేదు. బస్టాండుకు బయల్దేరుతూ, "ప ఒక్కటే గద బాయీ. గూడేలు యాడికి పోలే, మనుషులు యాడికి పోలే. పోయి అడుగుదాం" అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

జనవరి నుంచి ఆదివారాలు ఆమె ఉట్నూర్ పోయింది. కండక్టరు భార్యకిచ్చే పాసు ఉంది కాబట్టి టికెట్ బాధ లేదు. శనివారం సాయంత్రం ఇద్దరు ఆడపిల్లలను హనుమండ్లుకు అప్పగించి బస్సెక్కేది. రాధాబాయి ఇంట్లో పడుకుని, పొద్దున్నే అంబదాస్‌తో జీపులో గూడేలకు పోయేది. చీటీలు, పెన్సిలు. మళ్లీ మొదటి నుంచి.

ఒక గూడెంలో మారుబాయి అనే గోండు ముసలామె ఉండేది. అంబదాస్‌కు సగం మాటలు ఇచ్చింది ఆమేనట. బాలలక్ష్మి వానకు గోండీ మాట, పీర్, పలికి చూపిస్తే మారుబాయి పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి మళ్లీ పలికించింది.

"గింత పెద్ద మనిషివి, వాన అన రాదా? నీ నోట్ల తడి లేదు" అంది.

బాలలక్ష్మి తల వంచుకుని మళ్లీ పలికింది. మారుబాయి కాదంది. ఆరోసారికి, "ఆఁ, జర నయం. మా మేకపిల్ల గింతకన్న మంచిగంటది" అంది. లోకంలో అందరి పనినీ తూచిన మనిషి ఎండలో గోనెపట్టా మీద కూర్చుని తన తూకం తాను విన్నది. వినాల్సిందే అనుకుంది.

ఎండాకాలం వెళ్లేదాకా తిరిగితే నాలుగువందల డెబ్బై మాటలు దొరికాయి. మిగిలిన డెబ్బై ఏమయ్యాయో తెలియదు. "ఏం పోయినయో యాదికొస్తె గద బాయీ, వెతికేది" అన్నాడు అంబదాస్. అది విన్న రోజు తిరుగు బస్సులో ఆమె ప చీటీలను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది.

1999 నవంబరులో పుస్తకం అచ్చయింది. లోపలి పేజీలో సాంకేతిక సహకారం అని జలపతిరావు పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. టైపింగ్ బాలలక్ష్మి అని కింద చిన్నగా. ముందుమాటలో అంబదాస్, ప అక్షరం అసంపూర్ణమనీ, చీటీలు కాపాడుకోలేకపోవడం తన అజాగ్రత్తేననీ రాశాడు. ఆ రెండు వాక్యాలనూ ఆమే టైపు కొట్టాల్సి వచ్చింది. తీసేయమని బతిమాలితే ఆయన వినలేదు.

పుస్తకం వచ్చిన నెలకు ఆమె ప్రెస్సు మానేసి, ఇంటి ముందుగదిలో ఒక పాత మిషన్ పెట్టుకుని సొంతంగా పని మొదలుపెట్టింది. జలపతిరావు కోర్టు చౌరస్తాలో కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. హార్డ్ డిస్క్ పార్టిషన్ మీద ప్రత్యేక శిక్షణ ఇవ్వబడును అని గోడల నిండా రాయించాడు. జనం వరస కట్టారు. కరీంనగర్‌లో ఎవరి డిస్కు ఎగిరిపోయినా అది వైరస్ పనేనని ఇప్పుడు పిల్లాపాపలకు కూడా తెలుసు. గురువు అంతటివాడు.

ఆ డిసెంబరులోనే ఒక ఆదివారం బాలలక్ష్మి పుస్తకం ఒకటి పట్టుకుని మారుబాయి దగ్గరికి పోయింది. మారుబాయికి చదువు రాదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చదువు" అంది. బాలలక్ష్మి ప తీసి వరసగా చదివింది. మారుబాయి కళ్లు మూసుకుని వింటూ, మధ్యలో రెండుచోట్ల తప్పు పలికావని కసిరింది. అక్షరం అయిపోయాక కళ్లు తెరిచి, ఎండిన చెరువు నేల పగులుకు తమవాళ్లు అనే మాట ఇందులో లేదేమని అడిగింది.

బాలలక్ష్మి చీటీ తీసింది. మారుబాయి చెప్పింది, ఆమె రాసింది, చదివి వినిపించింది. కాదంది. మళ్లీ రాసింది. తాను ఎక్కాల్సిన నాలుగింటి బస్సు పోతున్న చప్పుడు వినబడినా ఇద్దరూ లేవలేదు.